చెక్కిందా? పెరిగిందా?

ఏడో తరగతి సైన్సు పాఠంలో అన్న ఒక్క మాట ప్రభాకర్ మాస్టరును ఎక్కడికి తెచ్చిందో చూశాం. గుళ్ళో పూజలందుకునే శాలగ్రామంలోని చక్రం కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ఒక ప్రాణి గుల్ల అన్నాడతను. ఆ ప్రాణి వంశం ఇప్పుడు భూమ్మీద లేదనీ, భూమి ఎంత పాతదో, ప్రాణులు ఎట్లా మారుతూ వచ్చాయో చెప్పే సాక్ష్యం అదేననీ అన్నాడు. ఆ మాట మొఘల్‌పురా గల్లీలు దాటి మాదన్నపేట కూరగాయల బజారు చేరేసరికి "స్వామిని చచ్చిన నత్త అన్నడంట" అయింది.

బడినీ, వేణుగోపాలస్వామి గుడినీ నడిపేది ఒకే కమిటీ. సెక్రటరీ విఠల్‌రావు క్షమాపణ పత్రం ఒకటి తన చేత్తోనే రాసి పెట్టాడు. "నేను పిల్లలకు చెప్పినది అబద్ధము" అన్నది అందులో మొదటి వాక్యం. ప్రభాకర్ దాని మీద సంతకమైనా పెట్టాలి, ఆదివారం కమిటీ ముందు తన మాట రుజువైనా చేయాలి. రెండూ కాకపోతే సోమవారం నుంచి బడికి రానక్కరలేదు. రుజువే చేస్తానన్నాడు ప్రభాకర్. శాలగ్రామాన్ని ఒక్కసారి దగ్గరగా చూడనిస్తే చాలన్నాడు. చూడనివ్వరని అందరికీ తెలుసు. కానీ అర్చకులు గోపాలకృష్ణమాచార్యులు "తెస్త" అన్నారు. ఎందుకన్నారో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ ఆదివారం వచ్చింది.

పొద్దున తొమ్మిదికే శ్రావణపు ముసురు పట్టింది. మీటింగు ఏడో తరగతి గదిలోనే. పిల్లల బెంచీ పొట్టిది కావడంతో పాలవ్యాపారి బాలనర్సింహ మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మాదన్నపేటలో నలభై బర్రెల కొట్టం ఆయనది. పక్క బెంచీ మీద హెడ్మాస్టరు అమరనాథ్, ఎప్పటిలాగే నవ్వు మొహంతో, మడత నలగని షేర్వాణీతో కూర్చున్నాడు. మాస్టరు కుర్చీలో విఠల్‌రావు. ముప్పై రెండేళ్ళు సర్కారు దఫ్తరులో ఫైళ్ళు రాసి రిటైరైన మనిషి. రాసింది జరిగినట్టు, రాయనిది జరగనట్టు. ఆయన లోకం అంతే. ముందు మినిట్సు పుస్తకం, సిరాబుడ్డి, పక్కన మడతపెట్టిన క్షమాపణ పత్రం.

ఓట్లు మూడు. విఠల్‌రావు ఓటు పత్రం వైపు. అమరనాథ్ మొదటి నుంచీ ప్రభాకర్ పక్షం. తేల్చాల్సింది బాలనర్సింహ.

ప్రభాకర్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"రాస్తున్న," అన్నాడు విఠల్‌రావు పాళీ సిరాలో ముంచి. "మొదటి సవాల్. భూమి వయసెంత?"

ఈ ప్రశ్న కోసం ప్రభాకర్ వారం రోజులు చదివాడు. చంకలో మూడు నోటు పుస్తకాలున్నాయి. "నాలుగు వందల యాభై కోట్ల సంవత్సరాలు సార్. ఈమధ్యనే తేల్చిన్రు. రాళ్ళల్ల యురేనియం మెల్లమెల్లగ సీసం అయితది. ఎంత అయ్యిందో చూస్తె..."

"మీరు పిల్లలకు చెప్పే పుస్తకంల మున్నూరు కోట్లని ఉన్నది."

"పుస్తకం పాతది సార్."

"దానికి ముందు పుస్తకంల ఇన్నూరు."

"అది ఇంకా పాతది."

"అంటే నా నౌకరీ ఉన్నంత కాలం గూడ మీ సైన్సు ఒక్క మాట మీద నిలవడలే." విఠల్‌రావు సంచీలోంచి దుర్ముఖి నామ సంవత్సర పంచాంగం తీసి మొదటి పేజీ తెరిచాడు. "ఇది వినండి. సృష్ట్యాది గతాబ్దాలు నూట తొంభై అయిదు కోట్ల యాభై ఎనిమిది లక్షల ఎనభై అయిదు వేల యాభై ఏడు. యాభై ఏడు! అంచనా కాదు, అందాజ కాదు. మీ దాంట్ల యాభై ఏడు ఉన్నదా?"

"లేదు సార్."

"మా లెక్క మారిందా?"

"ప్రతి ఉగాదికి ఒకటి పెరుగుతది గద సార్."

బాలనర్సింహ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. విఠల్‌రావు ఆ దగ్గును కూడా రాసుకున్నట్టు కలం కదిపాడు.

అప్పుడు ప్రభాకర్‌కు దారి దొరికిందనిపించింది. ఏ పూజకైనా ముందు చేతిలో నీళ్ళు పోసుకుని శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అంటూ కాలంలో తానెక్కడ ఉన్నదీ చెప్పుకునే వాళ్ళు వీళ్ళు. భూమి నిన్న మొన్నటిదని వాదించే వాళ్ళు కారు. నోటు పుస్తకాలు కింద పెట్టేశాడు.

"మంచిది సార్. మీ లెక్కే తీసుకుందాం. భూమికి ఇంచుమించు రెండు వందల కోట్ల ఏండ్లు. రోజూ సంకల్పంల మీరు చెప్పుకునేదే. భూమి పాతదన్నదాంట్ల మనకు పేచీ లేనట్టే గద?"

"ఏం పేచీ లేదు."

"అయితే ప్రాణులు మెల్లగ మారెటందుకు టైమున్నదని ఒప్పుకున్నట్టే."

"ఎట్ల ఒప్పుకుంట? భూమి ఎప్పటి సందో మనిషి గూడ అప్పటి సందే. వైవస్వత మనువు మనిషే కద? ఆయన కన్న ముందు ఆరుగురు మనువులు. వాళ్ళు గూడ మనుషులే. మరి మీ కోతి ఎప్పుడు మారింది మాస్టర్? ఏ మన్వంతరంల? టైము చెప్పండి, రాసుకుంట."

ప్రభాకర్‌కు, తానే నిచ్చెన వేసి ఎక్కించిన మనిషి తన నెత్తి మీదే కాలు పెట్టినట్టుంది.

"కోతి మారలే సార్. కోతికీ మనకూ వెనకట ఒక్కటే మూలం..."

"మీ తాత కోతినా?"

"కాదు."

"ముత్తాత?"

"సార్, లక్షల తరాల వెనక..."

"ఎవరు చూసిన్రు?"

"ఎవరూ చూడలే. చూసే మనిషి అప్పటికి పుట్టలే."

"ఎవరూ చూడంది జరిగినట్టు ఎట్ల? దఫ్తర్ల గిట్ల ఫైలు పెడితె మా నాజిం సాబ్ మొఖం మీద కొట్టెటోడు."

బాలనర్సింహ మోకాళ్ళ మధ్య నుంచి చెయ్యెత్తాడు. "సార్, నాదొక్క మాట. ముప్పై ఏండ్ల సంది బర్రెల తోనే నా బతుకు. బర్రెకు బర్రెనే పుట్టింది. ఒక్కనాడన్న ఆవు పుట్టలే. కోతి సంగతి నాకెర్క లేదు. బర్రె సంగతి ఎర్కనే."

ప్రభాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇది అసలైన ప్రశ్న. "నర్సింహన్నా, మీ నాయన నాటి బర్రెలు గిప్పటి బర్రెల లెక్కనే ఉండెనా?"

"ఎట్లుంటయి? అప్పటివి పూటకు రెండు సేర్లిస్తె మస్తు. గిప్పుడు నాలుగు సేర్లకు తక్కువిచ్చేది నా కొట్టంలనే లేదు."

"ఎట్ల మారినయి?"

"నేనే మార్చిన. పాలు ఎక్కువిచ్చేదాని దూడనే ఉంచుకుంట, తక్కినవాటిని అంగట్ల తోలుత."

"ముప్పై ఏండ్లల్ల నువ్వే గింత మారిస్తివి. కోట్ల ఏండ్లల్ల ఎండ, వాన, కరువు అదే పని చేస్తె? తట్టుకున్నదాని దూడ ఉంటది, తక్కినవి పోతయి. అట్ల మారుకుంట, మారుకుంట..."

బాలనర్సింహ నుదురు ముడిచాడు. ఏదో లోపలికి దిగుతోంది.

"కానీ బర్రె బర్రెగనే ఉన్నది," అన్నాడు విఠల్‌రావు తలెత్తకుండా. "రాస్తున్న. బర్రె బర్రెగనే ఉన్నదని మాస్టరు ఒప్పుకున్నరు."

"నేను ఒప్పుకోలే!"

"కాదంటరా? నర్సింహ కొట్టంల ఉన్నది బర్రె కాదంటరా?"

"బర్రెనే, కానీ..."

"రాసిన."

అప్పుడు అమరనాథ్ కల్పించుకున్నాడు. రెండు చేతులూ చాచి, తియ్యగా నవ్వుతూ. "రావు సాబ్, గింత లొల్లి ఎందుకు? మన దశావతారాల్ల ఉన్నదే కదా మాస్టరు చెప్తున్నది. ముందు చేప, తర్వాత తాబేలు, తర్వాత పంది, తర్వాత సగం మనిషి..."

"అంటే స్వామి మెరుగయ్యుకుంట వచ్చిండా?" విఠల్‌రావు కళ్ళజోడు తీశాడు. "మత్స్యావతారం కన్న పరశురాముడు మెరుగా? చెప్పండి హెడ్మాస్టర్ సాబ్, స్వామికి ఎన్నో క్లాసుల ప్రమోషన్ వచ్చింది? రాసుకుంట."

అమరనాథ్ నవ్వు సగంలో ఆగిపోయింది. శత్రువు కన్నా ఇట్లాంటి స్నేహితుడే ఎక్కువ నష్టం చేస్తాడని ప్రభాకర్‌కు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ముప్పావు గంట ఒకటే వరస. ప్రభాకర్ ఒక మాటంటే విఠల్‌రావు దాన్ని వదిలి ఇంకో మాట పట్టుకునేవాడు. జవాబు దొరికిన ప్రశ్న వెంటనే అనవసరమైన ప్రశ్న అయిపోయేది. ప్రభాకర్‌కు యాకుత్‌పురాలో తన అద్దె గది గుర్తొచ్చింది. పోయి గడియ పెట్టుకుని పడుకుంటే చాలనిపించింది.

బయట వరండాలో బడి ఆయమ్మ ఎల్లమ్మ గొంతు వినిపించింది. "అయ్యగారు వస్తున్నరు. జరుగుండ్రి, మడి!"

అందరూ లేచి నిలబడ్డారు.

గోపాలకృష్ణమాచార్యులు వానలో తడిసే వచ్చారు. తలమీద రాగి సంపుటం, దానిమీద పట్టుగుడ్డ. డెబ్భై దాటిన మనిషి. కుడికంట్లో తెల్లగా పొర కమ్ముతోంది. పీటమీద సంపుటం దించి, మూత తీసి, తులసాకు పరిచిన అరచేతిలోకి శాలగ్రామాన్ని తీసుకున్నారు. కోడిగుడ్డు కన్నా కొంచెం పెద్దది, నల్లనిది. ఒక పక్క తెరిచిన నోరులాగా ఉంది. దాని లోపల చక్రం.

"స్వామి నా చేతిలనే ఉంటడు," అన్నారు. "ఎవరు చూసినా నా చేతిలనే చూడాలె."

"ఇంకొక్క మాట," అన్నాడు విఠల్‌రావు. "మాస్టర్, శాలగ్రామాలు యాడ దొరుకుతయి?"

"గండకీ నదిల సార్. హిమాలయాల కింద."

"హిమాలయాల్ల సముద్రం ఉన్నదా?"

"ఒకప్పుడు అక్కడ సముద్రమే. అడుగు లేచి కొండలయినయి."

"ఎవరు చూ..."

"ఎవరూ చూడలే!" ప్రభాకర్ గొంతు పెరిగింది. "సార్, వజ్రకీటమనే పురుగు రాయిని తొలిచి చక్రం చెక్కుతదని మీరే అంటరు గద. అంటే రాతిల ప్రాణి ఉండెనని మీ పెద్దలు గూడ చెప్పిన్రు. నేను చెప్పేది గూడ..."

"పురుగు కాదు. స్వామి."

"పురుగు రూపంల."

"రూపంల. పురుగు కాదు. రాస్తున్న."

ప్రభాకర్ ఇక మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో బొమ్మ గీశాడు. గుండ్రంగా చుట్టుకున్న గుల్ల, చుట్టు మీద అడ్డంగా గీతలు. "నా మాట నిజమైతె చక్రం మీద గిట్ల గీతలుండాలె. లేకుంటె ఆ కాయితం మీద సంతకం పెడ్త."

విఠల్‌రావు దాన్ని రాసి, రెండుసార్లు చదివి వినిపించాడు. "గీతలుంటె పత్రం వాపసు. లేకుంటె సంతకం." ముగ్గురూ తలూపారు.

ముందు బాలనర్సింహ వంగాడు. చేతులు వెనక కట్టుకుని, ఆచార్యుల అరచేతి దగ్గర మొహం పెట్టి చూశాడు. "అరె! ఉన్నయి రావు సాబ్! సార్ గీసినట్టే ఉన్నయి గీతలు!"

విఠల్‌రావు నమ్మలేదు. చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మొదటిసారి ఆయన కలం ఆగింది.

"గెలిచినవయ్యా ప్రభాకర్!" అమరనాథ్ భుజం తట్టాడు. "ఇగ ఒక్క మాట చెప్పు. ఇదే నువ్వు చెప్పిన గుల్ల అని చెప్పు, ఖతం. రావు సాబ్, పత్రం చింపేయండి."

ప్రభాకర్ జేబులోంచి భూతద్దం తీశాడు. గెలిచిన మాట నిజమే. కానీ ఇంతకాలం పుస్తకాల బొమ్మల్లో, కాలేజీ అద్దాల పెట్టెల్లో చూసినదాన్ని ఈ ఊరి గుళ్ళో, ఒక ముసలి చేతిలో చూడబోతున్నాడు. ఆ ఆనందం వేరు. వంగి చూశాడు.

గీతలున్నాయి. లెక్కపెట్టి వేసినట్టు, ఒక్కటి తప్పకుండా, సమాన దూరంలో ఉన్నాయి. చుట్టు నడుమ ఎంత లావుందో అంచు దగ్గరా అంతే లావుంది.

భూతద్దం తిప్పి మళ్ళీ చూశాడు.

బతికిన ప్రాణి గుల్ల అట్లా ఉండదు. పుట్టినప్పుడు ఆవగింజంత. పెరిగేకొద్దీ ఇల్లు పెద్దది చేసుకుంటుంది. నడుమ సన్నగా మొదలైన చుట్టు బయటికి వచ్చేకొద్దీ వెడల్పవ్వాలి, గీతల మధ్య దూరం పెరగాలి. ఇది అట్లా లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుగా చుట్టిన జిలేబీలాగా ఉంది. భూతద్దం ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. గీతల అడుగున వరసగా చిన్న చిన్న గాట్లు. ఉలి దెబ్బలు.

"ఏమయ్యా, చెప్పు," అన్నాడు అమరనాథ్. "అందరం చూసినం కద."

ఒక్క మాట చాలు. అవునంటే పత్రం చిరిగిపోతుంది. రేపు పొద్దున ఇదే గదిలో, ఇదే నల్లబల్ల ముందు నిలబడతాడు. బాలనర్సింహ సంతోషిస్తాడు. విఠల్‌రావుకు జన్మలో మొదటిసారి జవాబుండదు. పిల్లలకు తను చెప్పింది నిజమే కూడా. నిజమైన శాలగ్రామంలో ఉన్నది గుల్లే. ఈ రాయి ఒక్కటే అబద్ధం.

తలెత్తాడు. అందరూ రాయిని చూస్తున్నారు. ఆచార్యులు మాత్రం తననే చూస్తున్నారు.

"చెప్పు నాయనా," అన్నారాయన మెల్లగా. "నీకు కనవడ్డదే చెప్పు."

ప్రభాకర్ భూతద్దం దించాడు.

"ఇది పెరిగింది కాదు. చెక్కింది. దీన్ని ఎవరో చేసిన్రు."

విఠల్‌రావు చేయి బల్లమీద పడింది.

"ఎవరో చేసిన్రు! గంట సంది నేను మొత్తుకుంటున్నది అదే కద! పుట్టలే, పెరగలే, మారలే. చేసిన్రు! రాస్తున్న. దీనిని ఒకరు చేసినట్లు మాస్టరు తమ నోటితో ఒప్పుకున్నరు."

"సార్, నేను చెప్పేది సృష్టి సంగతి కాదు. ఉలితోని, సుత్తెతోని..."

"ఉలితోనా, సంకల్పంతోనా, ఆ వివరం మినిట్సుల అవసరం లేదు."

"సార్!" ప్రభాకర్ బల్లమీద రెండు చేతులూ ఆనించాడు. "మీరు గెలిచిన్రు. నేను ఓడిపోయిన. సంతకం పెట్టుమంటె పెడ్త. కానీ ముందు వినండి. ఇది శాలగ్రామం కాదు. ఎవరో నల్లరాయి చెక్కి పెట్టిన్రు. గుళ్ళె ఉన్న అసలుది పోయింది."

విఠల్‌రావు కలం మీద నుంచి ఒక చుక్క సిరా కాయితం మీద పడింది. మాట అర్థం కావడానికి ఆయనకు అంతసేపు పట్టింది.

"స్వామి నకిలీ అంటున్నవా?"

"ఈ రాయి నకిలీ అంటున్న."

"చెక్కంగ ఎవరు చూసిన్రు?"

ప్రభాకర్ కళ్ళు మూసుకున్నాడు. జవాబు బాలనర్సింహ చెప్పాడు. ఆయన అప్పటికే భూతద్దం అడిగి తీసుకుని రెండోసారి వంగి ఉన్నాడు.

"ఎవరు చూడాలె రావు సాబ్? గాట్లు కనవడ్తలేవా? నా కొట్టంల కుడితి తొట్టి చెక్కినోడు గూడ గిట్లనే విడిచిపెట్టి పోయిండు. పోయినేడు నా దూడను దొంగ ఎత్కపోతె ఎవరు చూసిన్రు? అడుగుల జాడ వట్టుకోని పోయి చంచల్‌గూడ తాన పట్టుకుంటి. చూసినోడు ఉంటెనే జరిగినట్టా?" ఆగి ప్రభాకర్ వైపు తిరిగాడు. "అరె... గంట సంది మీరు చెప్తున్నది గిదేనా సార్?"

"గిదే నర్సింహన్నా," అన్నాడు ప్రభాకర్ నీరసంగా. గంటసేపు వాదించినా దొరకని ఓటు, ఓడిపోయాక దొరికింది.

ఆచార్యులు రాయిని సంపుటంలో పెట్టలేదు. పీట పక్కన, నేల మీద పెట్టారు. అది చూసి అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"నలభై రెండేండ్లు," అన్నారు. "రోజూ ఈ చేతిలనే తానం. తొలి ఏకాదశి తెల్లారి సంది బరువు తేడా తెలుస్తున్నది. కన్ను పాయె, చెయ్యి గూడ పాయెనేమో అనుకున్న. ఇంట్ల చెప్తె ముసలితనం అన్నరు. గుడికొచ్చినోళ్ళకు చూపిస్తె ఏం చేస్తరు? దండం పెడ్తరు. నమ్మెటోళ్ళు నాకు పనికిరారు నాయనా. చూసెటోడు కావాలె. నువ్వు అడిగినవని తెలిసినంక స్వామే పంపిండనుకున్న."

స్వామి తనను పంపడమేమిటని వాదించే ఓపిక ప్రభాకర్‌కు ఆ పూటకు అయిపోయింది.

"గర్భగుడి తాళంచెవులు రెండు," అన్నాడు బాలనర్సింహ లేచి నిలబడుతూ. "ఒకటి అయ్యగారి మొలతాడుకు. రెండోది కమిటీల నెలకొకరి వంతు. ఆషాఢం వంతు ఎవరిది?"

విఠల్‌రావు కలం కింద పెట్టాడు. "నాదే. కానీ తొలి ఏకాదశికి నేను పంఢరపురంల ఉన్న. పోయే ముందు తాళంచెవి ఒకరికి ఇచ్చిపోయిన."

"ఎవరికి?"

"అమరనాథ్‌కు."

"మినిట్సుల రాసిన్రా?"

విఠల్‌రావు మొహం పాలిపోయింది. ముప్పై రెండేళ్ళ దఫ్తరు నౌకరీలో లేని తప్పు అది. "రైలుకు టైమైంది... రాయలే."

అందరూ పక్క బెంచీ వైపు తిరిగారు. బెంచీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు బయటికి పోయాడో ఎవరూ గమనించలేదు.

ప్రభాకర్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. "ఎల్లమ్మా! హెడ్మాస్టర్ సార్‌ను చూసినవా?"

"శానసేపాయె సారూ పోయి. అందరూ రాయి దిక్కు చూస్తుంటె తాళంచెవుల గుత్తి వట్టుకోని సప్పుడు గాకుండ సార్ల గదిలకు పోయిండు. ఆడికెల్లి గొడుగు లేకుంటనే గల్లీల వడ్డడు."

"స్టేషన్!" అన్నాడు బాలనర్సింహ. "యాకుత్‌పురాల బండెక్కితె ఇగ దొరకడు. రాండ్రి సార్!"

"ఆగండి." విఠల్‌రావు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. మొహంలో రంగు తిరిగొచ్చింది. కొత్త ఆలోచన ఏదో పుట్టినట్టుంది. "ఇరవై అయిదు రోజుల సంది ఊరంత ఆ స్వామికి మొక్కుతున్నది. ఎవరికీ తెల్వలే. ఒక్క చూపుల నీకెట్ల తెలిసింది మాస్టర్?"

"చూసిన గనుక."

"కాదు. ముందే తెలుసు గనుక. నకిలీ చేసినోనికే నకిలీ అని తెలుస్తది."

ప్రభాకర్ నవ్వాడో ఏడ్చాడో తనకే తెలియలేదు. "సార్, గంట సంది నేను అబద్ధం చెప్తున్న అన్నరు. ఇప్పుడు నిజం చెప్పిన గనుక దొంగనంటున్నరు. నేను ఏం చెప్తె మీరు ఒప్పుకుంటరు? ఒక్కటి చెప్పండి, అదే చెప్త!"

"జరగండి రావు సాబ్," అన్నాడు బాలనర్సింహ. సెక్రటరీ భుజాలు పట్టి దూడను తప్పించినట్టు పక్కకు తప్పించాడు. ప్రభాకర్ గుమ్మం దాటి వరండాలోకి దూకాడు.

అక్కడే ఆగిపోయాడు.

అమరనాథ్ స్టేషనుకు పోలేదు. తిరిగొస్తున్నాడు. షేర్వాణీ వానకు తడిసి ముద్దయింది. మొహంలో నవ్వు లేదు. నమ్మినవాడు మోసం చేస్తే పడే బాధ మాత్రం చక్కగా అమరింది. పక్కన పోలీసు ఠాణా అమీన్ సాబ్, వెనక ఇద్దరు జవాన్లు. అమీన్ చేతిలో రుమాలు మూట.

"సార్ల గదిల అలమార సందులకెల్లి చూసి నా అనుమానం తీర్చుకున్న రావు సాబ్," అన్నాడు అమరనాథ్ అందరికీ వినబడేలా. "చెప్పెటందుకు నోరు రాలేదు, సీదా గల్లీ మలుపుల ఠాణాకు పోయిన. ఇగో, వెనక దర్వాజ నుంచి వచ్చి అమీన్ సాబ్ ఇప్పుడే వాళ్ళ జవాన్ తోని తాళం పగలగొట్టించిండు. ప్రభాకర్ మాస్టరు అలమార తాళం."

"ప్రభాకర్ కౌన్ హై?" అన్నాడు అమీన్.

అమరనాథ్ వేలు చూపించాడు. అమీన్ రుమాలు విప్పాడు.

మడి సంగతి మరిచిపోయి ఆచార్యులు చేయి చాచారు. రాయి అరచేతిలో పడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే. నా స్వామి ఇదే. చెయ్యికి తెలుసు."

జవాను ఒకడు ప్రభాకర్ మణికట్టు పట్టుకున్నాడు. ప్రభాకర్ విదిలించుకోలేదు. అతని చూపంతా ఆ ముసలి అరచేతిలోనే ఉంది. తెరిచిన రాతి నోట్లో, నడుమ ఆవగింజంత దగ్గర మొదలై, బయటికి వచ్చేకొద్దీ వెడల్పవుతూ, గీతకూ గీతకూ మధ్య దూరం పెంచుకుంటూ అంచు దాకా సాగిన గుల్ల. ఒక ప్రాణి పుట్టి, పెరిగి, చచ్చిపోయిన జాడ. పొద్దుటి నుంచి అతను వీళ్ళకు చూపించాలని తపించిన రుజువు అక్షరాలా అదే. ఇప్పుడు అందరూ దాన్ని కళ్ళారా చూస్తున్నారు. అది దొరికింది మాత్రం అతని అలమారలో.